మూడో సీటు, కండక్టరు సీటు

సంక్రాంతికి వారం ముందు మా బావకు మెమో వచ్చింది. ఆయన డ్రైవరు, విజయనగరంలో బయలుదేరి చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ చేరే బస్సు నడుపుతాడు. చీకటి పడే వేళ రాజాం దాటాక, రోడ్డు వారగా లైట్లు లేకుండా నిలిపిన చెరకు ట్రాక్టరు తొట్టికి బస్సు ఎడమవైపు అద్దం తగిలి పగిలిపోయింది. ఎవరికీ చిన్న గీరు కూడా పడలేదు. ప్రయాణికుల్లో సగం మందికి ఏదో తగిలిందని కూడా తెలియలేదట. మూడు రోజుల తర్వాత వచ్చిన కాగితంలో మాత్రం "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అని ఉంది, ఏడు రోజుల్లో వివరణ ఇవ్వాలని ఉంది. సంస్థ పేరు, డిపో పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి కాగితాల భాష ఎక్కడైనా ఒక్కటే.

ఆ బస్సులో కండక్టరు ఉండడు. టికెట్టు మిషను, డబ్బుల సంచి, చిల్లర డబ్బా అన్నీ డ్రైవరు చేతికిందే ఉంటాయి. కాగితం రాయాల్సిన పనులు నాకు అప్పగించడం మా ఇంట్లో అలవాటు కాబట్టి బావ ఆ మెమో పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అద్దం తగిలిన క్షణంలో టికెట్టు కొడుతున్నావా అని ముందుగా అడిగాను. అవునంటే వివరణ ఒక రకంగా రాయాలి, కాదంటే మరో రకంగా రాయాలి. "మిషను ముట్టుకోనేదురా. చివరి స్టాపులో ఎనక డోరు కాడ ఎక్కిన ఇద్దరు టికెట్టు తీసుకున్నారో నేదోనని లోపలద్దంలోకి చూసినాను" అన్నాడు. ఆ చూపు ఎంతసేపని అడిగితే చెప్పలేకపోయాడు. చెప్పి ఉన్నా, దాన్ని వివరణలో ఏ వాక్యంగా మార్చాలో నాకు తోచేది కాదు.

ఒక మనిషిని పనిలోంచి తీసేయడమే తప్పని నేను అనను. ఆ మనిషి చేసే పని ఎటు పోయిందో కొలవకుండా తీసేయడం తప్పంటాను. మిగిలిన మనిషిని అడగకుండా ఆ కొలత పూర్తికాదని కూడా అంటాను. ఈ రెండో మాట అనడానికి నాకు చాలా నెలలు పట్టింది, ఎందుకంటే అది నా చదువుకూ నా స్వభావానికీ ఎదురెళ్లే మాట. నన్ను దారి మళ్లించినవి విమానాల సిమ్యులేటర్ల (నేల మీదే విమానం నడుపుతున్నట్టు అనిపించే నకలు కాక్‌పిట్ల) దగ్గర 1970లు, 80లలో జరిగిన పరిశోధనలు, వాటిలో ముఖ్యంగా నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన శాండ్రా హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కృషి. పాలకొండ బస్సుకూ కాలిఫోర్నియా పరిశోధనాలయానికీ ముడి పెడుతున్నానని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. భోగాపురంలో విమానాశ్రయం లేస్తున్నప్పటి నుంచి మా ఊళ్లలో టీ కొట్ల దగ్గర కూడా విమానాల కబుర్లే కదా.

పదమూడున్నర నిమిషాలు

నేను డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెబుతాను. లెక్కకు రానిదాన్ని నమ్మకపోవడం ఆ వృత్తి ఇచ్చిన జబ్బు. అందుకని ముందుగా లెక్క వేశాను. ఆ రోజు ఆ ట్రిప్పులో 54 టికెట్లు కొట్టాడు. చిల్లర వెతుక్కోవడంతో సహా ఒక్కో టికెట్టుకు 15 సెకన్లు అనుకున్నా మొత్తం పదమూడున్నర నిమిషాలు. రెండున్నర గంటల ప్రయాణంలో అది పదో వంతు కూడా కాదు. పైగా ఆ టికెట్లన్నీ బస్సు ఆగి ఉండగా కొట్టినవే. ఈ లెక్క చూస్తే కండక్టరును తీసేసిన అధికారి చేసింది సబబే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. ఆ మాట బావతో అన్నాను కూడా.

ఆయనకు కోపం రాలేదు. "ఆ పదమూడు నిమిషాలూ బండి ఆగే ఉంటాదిరా. ఆగినప్పుడు నాకేటి కష్టం? బయల్దేరినాకే కదా కష్టం" అన్నాడు. ఆ కష్టం ఏమిటో వివరంగా చెప్పమంటే వేళ్లు మడిచి చెప్పాడు. చీపురుపల్లిలో ఎక్కిన ముసలమ్మకు నలభై రూపాయలు తిరిగి ఇవ్వాలి, ఆమె రాజాంలో దిగిపోయేలోగా చిల్లర కూడాలి. అయిదుగురు ఎక్కి నాలుగు టికెట్లు తీసుకున్న కుటుంబంలో చంటిదాని వయసు ఎంతో తేలలేదు. మిషనులో చూపించే మొత్తానికీ సంచిలో ఉన్న డబ్బుకూ తేడా వస్తే చేతినుంచి కట్టాలి. దారిలో చెకింగు వాళ్లు ఎక్కి ఒక్కరి దగ్గర టికెట్టు లేకపోయినా తప్పు ఈయనదే అవుతుంది. ఇప్పటికే ఎనిమిది నిమిషాలు ఆలస్యం. ఇవన్నీ బస్సు కదులుతున్నప్పుడే బుర్రలో తిరుగుతుంటాయి. నా లెక్కలో వీటికి ఒక్క సెకను కూడా లేదు.

హార్ట్ గురించి చదువుతున్నప్పుడు నాకు ముందుగా తగిలింది 1975లో ఆమె రాసిన పత్రం. పనిభారాన్ని కొలవడానికి కాలాన్ని అంచనా వేయించడం అందులోని ఆలోచన. ఒక మనిషికి ఏదో పని అప్పగించి, గడియారం చూడకుండా, ఇన్ని సెకన్లు గడిచాయని తోచినప్పుడు చెప్పమంటారు. పని తేలికగా ఉంటే దాదాపు సరిగానే చెబుతాడు. పని ముంచుకొస్తున్నకొద్దీ లోపలి లెక్క తప్పిపోయి ఆలస్యంగా చెబుతాడు. ఎంత ఆలస్యమైతే అంత భారం అన్నమాట. ఇది చదివాక, ఆ చూపు ఎంతసేపని నేను అడిగినప్పుడు బావ ఎందుకు చెప్పలేకపోయాడో అర్థమైంది. స్టాప్‌వాచీతో పని నిడివిని కొలిచే నాబోటివాళ్లకూ, పనివాడి లోపలి గడియారం ఎంత తప్పిందో చూసిన ఆమెకూ తేడా అక్కడే ఉంది.

మూడో సీటు ఎలా పోయింది

తొలి తరం బోయింగ్ 747 కాక్‌పిట్‌లో ముగ్గురు కూర్చునేవారు. ఇద్దరు పైలట్లు, వాళ్ల వెనక పక్కగోడకు అమర్చిన మీటర్ల బోర్డు ముందు ఫ్లైట్ ఇంజినీరు. ఇంజన్లు, ఇంధనం, హైడ్రాలిక్స్, కరెంటు, గాలి పీడనం అన్నీ ఆయన చూసుకునేవాడు. 1970ల చివరికి వచ్చేసరికి బోయింగ్ 757, 767, ఎయిర్‌బస్ ఏ310 విమానాలను ఇద్దరితోనే నడపవచ్చని తయారీదారులు అన్నారు, పైలట్ల సంఘాలు ససేమిరా అన్నాయి. తగువు అమెరికా అధ్యక్షుడి దాకా వెళ్లింది. రీగన్ నియమించిన కార్యదళం 1981 జులైలో ఇద్దరు చాలునని తేల్చింది. ఈ తగువుకు ముందరే ఒక తమాషా కూడా నడిచింది: బోయింగ్ 737ను ఇద్దరి కోసమే తయారు చేసినా, సంఘాలతో కుదిరిన ఒప్పందాల వల్ల కొన్ని అమెరికన్ కంపెనీలు ఏళ్ల తరబడి మూడో మనిషిని కూర్చోబెట్టి తిప్పాయి. కాబట్టి అదనపు మనిషి ఉంటేనే భద్రత అనే వాదన ఎప్పుడూ శుద్ధమైనదే అని నేను అనుకోను.

అయితే తగువు ఇలా సాగుతున్న రోజుల్లోనే పని అంటే ఏమిటి, భారం అంటే ఏమిటి అని ఏమ్స్‌లో కొలతలు సాగాయి. 1979లో రఫెల్ స్మిత్ అనే పరిశోధకుడు 747 సిమ్యులేటర్‌లో అనుభవజ్ఞులైన విమాన సిబ్బందిని కూర్చోబెట్టి, ఒక్కో విన్యాసాన్ని విడిగా చేయించడం మానేసి, మొత్తం ప్రయాణాన్నే నడిపించాడు. రేడియో మాటలు, కాగితాల పని, మధ్యలో ఒక ఇంజను సమస్య, దారి మళ్లింపు అన్నీ అందులో ఉన్నాయి. పొరపాట్లు జరిగినచోట లోపం ఎక్కువగా విమానం నడిపే నేర్పులో కనిపించలేదు. పనిని ఎవరు పట్టుకున్నారు, ఎవరు వదిలేశారు అన్న దగ్గరే కనిపించింది. ఫ్లైట్ ఇంజినీరు ఇంధనం బరువు లెక్క కడుతున్నప్పుడు కెప్టెన్ మరో ప్రశ్న వేస్తే ఆ లెక్క ఏమవుతుంది? విమానం గాల్లోనే ఉంటుంది, లెక్క తప్పుతుంది. ఆ తప్పు ఆ తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. మా బావ ముసలమ్మకు తిరిగి ఇవ్వాల్సిన నలభై రూపాయలు కూడా అలాంటి లెక్కే.

ఇలాంటి పరీక్షలకు సిమ్యులేటర్ లేకపోతే దారి లేదు, ఎందుకంటే నిజం విమానంలో మనిషిని తీసేసి ఏమవుతుందో చూద్దామంటే కుదరదు. ఏమ్స్‌లో నిలువుగా దాదాపు 60 అడుగులు పైకీ కిందికీ కదిలే సిమ్యులేటర్ ఉంది. అంతటి యంత్రానికి మూలపురుషుడు మాత్రం ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో న్యూయార్క్ రాష్ట్రంలో తన తండ్రి ఆర్గన్ వాద్యాల కార్ఖానాలో తయారు చేసిన చెక్కపెట్టె. ఆ పెట్టెను ఊపింది వాద్యంలో వాడే గాలి తిత్తులే. సంగీత కళాశాల ఉన్న ఊరివాణ్ని కాబట్టి, పైలట్లకు చదువు చెప్పిన తొలి యంత్రంలో ఊపిరి పోసింది హార్మోనియం లాంటి తిత్తి అని తెలిసినప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది. గర్వపడటానికి కారణం ఏమీ లేదని తెలుసు.

విషయానికి వస్తే, మూడో సీటు పోయినప్పుడు ఇంజినీరు పనిలో చాలా భాగం పైలట్ల ఒడిలో పడలేదు. కంప్యూటర్లు ఇంజన్లను కనిపెట్టుకుని ఉండి, తేడా వచ్చినప్పుడే తెర మీద చెప్పేలా 767 లాంటి విమానాల్లో అమర్చారు. అంతా సవ్యంగా ఉంటే తల మీది బోర్డులో దీపాలు ఆరి ఉండాలన్న పద్ధతి వచ్చింది. మీటర్లను మాటిమాటికీ చూసే పని పోయింది, వెలిగిన దీపాన్ని చూసే పని మిగిలింది. అంటే ముందు పని తగ్గింది, తర్వాత మనిషి తగ్గాడు. కండక్టరు సీటు పోయినప్పుడు జరిగింది దీనికి తలకిందులు. మనిషి తగ్గాడు. టికెట్టు మిషను వచ్చింది నిజమే కానీ అది టికెట్టు చించే శ్రమను తగ్గించింది తప్ప ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో, ఎవరికి ఎంత ఇవ్వాలో గుర్తుపెట్టుకునే శ్రమను ముట్టుకోలేదు. ఆ శ్రమ మొత్తం స్టీరింగు పట్టుకున్నవాడి మీదికి జరిగింది.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ వికెన్స్ 1980లలో అభివృద్ధి చేసిన సిద్ధాంతం ప్రకారం మనిషి శ్రద్ధ ఒకే కుండలోని నీళ్లలాంటిది కాదు. కంటికి ఒక పాలు, చెవికి ఒక పాలు, చేతికి ఒకటి, నోటికి ఒకటి ఇలా విడివిడిగా ఉంటాయి. వేర్వేరు పాళ్లు వాడే రెండు పనులు కొంతవరకు పక్కపక్కన నడుస్తాయి. ఒకే పాలు అడిగే రెండు పనులు గుద్దుకుంటాయి. డ్రైవరు పాటలు వింటూ బస్సు నడపగలగడానికీ, రోడ్డునూ లోపలద్దాన్నీ ఒకేసారి చూడలేకపోవడానికీ కారణం ఇదే. కండక్టరు పనిలో డ్రైవరుకు అంటగట్టకూడని భాగం ఏదైనా ఉందంటే అది కంటితో కనిపెట్టుకునే భాగం. సరిగ్గా అదే అంటగట్టారు.

ఆరు గీతలు

హార్ట్, లోవెల్ స్టేవ్‌లండ్ కలిసి 1988లో ప్రచురించిన నాసా టీఎల్‌ఎక్స్ (టాస్క్ లోడ్ ఇండెక్స్, అంటే పనిభారపు సూచీ) అనే కొలబద్ద గురించి మానసిక పనిభారం మీద పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదట పది అంశాలు తీసుకుని, చిన్న చిన్న ప్రయోగశాల పనుల నుంచి విమాన సిమ్యులేటర్ల దాకా 16 ప్రయోగాల ఫలితాలు చూసి, చివరికి ఆరింటికి కుదించారు. బుర్రకు ఎంత పని పడింది, ఒంటికి ఎంత పడింది, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా చేశానని తోచింది, దానికోసం ఎంత కష్టపడాలి, మనసుకు ఎంత చిరాకు కలిగింది అన్నవి ఆ ఆరు. ఒక్కోదానికి ఒక గీత, దాని మీద 20 గళ్లు, గడికి అయిదు చొప్పున మొత్తం వంద. చేసినవాడే గుర్తు పెట్టాలి. తర్వాత ఆరింటిని రెండేసి చొప్పున జతకట్టి, నీ భారానికి ఈ రెంటిలో ఏది ఎక్కువ కారణం అని 15 సార్లు అడుగుతారు. ఎన్నిసార్లు ఎంచుకున్నాడో అదే ఆ అంశానికి తూకం. ఈ కొలబద్ద మొదట ఏ ప్రశ్న కోసం పుట్టిందో హార్ట్ 2006లో తిరిగి చూసుకుంటూ రాసింది: కాక్‌పిట్‌లో ఎంతమంది ఉండాలి అన్న ప్రశ్నే. అప్పటికి అది విమానాలను దాటి, ఇంగ్లీషును దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఆమె పరిశీలించిన అధ్యయనాలే 550.

దీన్ని తెలుగులో రాసి బావ చేత నింపించాలని బుద్ధి పుట్టింది. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, మొదటి అంశానికీ అయిదో అంశానికీ తెలుగులో "శ్రమ" అనే ఒక్క మాటే నోటికి వస్తుందని. పని ఎంత అడిగింది అన్నది ఒకటి, నేను ఎంత పెట్టాను అన్నది మరొకటి. తేలిక పనికి చెమటోడ్చేవాడూ ఉంటాడు, కష్టమైన పనిని చేతులు ముడుచుకుని చూసేవాడూ ఉంటాడు. అందుకని మొదటిదాన్ని "బుర్ర ఎంత వాడాల్సి వచ్చింది" అనీ, అయిదోదాన్ని "ఎంత గట్టిగా ప్రయత్నించాల్సి వచ్చింది" అనీ రాశాను. నాలుగో గీత తిరకాసుది. మిగతావన్నీ ఎడమ నుంచి కుడికి తక్కువ నుంచి ఎక్కువకు పోతే, ఇది "బాగా చేశాను" నుంచి "చెడగొట్టాను" వైపు పోతుంది. పేపర్లు దిద్దేవాణ్ని కాబట్టి ఇలాంటిచోట ఎంతమంది బోల్తా పడతారో నాకు తెలుసు. కాగితం మీద ఎర్ర పెన్నుతో బాణం గీశాను.

ఆరో అంశం దగ్గర బావే నన్ను దిద్దాడు. "చిరాకా? చిరాకు కాదురా. బెంగ" అన్నాడు. అసలు కాగితంలో అభద్రత, నిరుత్సాహం, విసుగు, ఒత్తిడి అన్నీ ఆ ఒక్క గీత కిందే ఉన్నాయి కాబట్టి ఆయన మాటే ఎక్కువ సరి. చిరాకు ఎదుటివాడి మీద, బెంగ రేపటి మీద. సంచిలో డబ్బు తక్కువ వస్తుందేమో, చెకింగులో ఎవడైనా దొరుకుతాడేమో అన్నది బెంగే. "చిరాకు" కొట్టేసి "చిరాకు, బెంగ" అని రాసుకున్నాను.

కండక్టరు లేని ఒక ట్రిప్పు ముగిశాక, పాలకొండ స్టాండులో టీ తాగుతూ ఆయన నింపిన కాగితం ఇలా ఉంది: బుర్ర 75, ఒళ్లు 40, సమయం 90, ఫలితం 10, ప్రయత్నం 70, బెంగ 85. తూకాల్లో సమయానికి 5, బెంగకు 4, బుర్రకు 3, ప్రయత్నానికి 2, ఫలితానికి 1, ఒంటికి సున్నా. తూకాలు లేకుండా సగటు తీస్తే 62. తూకాలతో తీస్తే 78. ఇప్పుడు చాలామంది పరిశోధకులు పని తేలికవుతుందని తూకాలు వదిలేస్తున్నారు, పెద్ద తేడా రాదని వాళ్ల వాదన. ఈ ఒక్క కాగితంలో 16 పాయింట్ల తేడా వచ్చింది, ఎందుకంటే ఆయనను నలిపేవి రెండే రెండు, అవి రెండూ ఒంటికి సంబంధించినవి కావు. పండగ రద్దీకి కండక్టరును ఇచ్చిన ఒక రోజు అదే దారిలో మళ్లీ నింపించాను. అవే తూకాలతో 44 వచ్చింది. ఒంటి గీత రెండుసార్లూ 40 దగ్గరే ఉంది. పని తగ్గిందా పెరిగిందా అని బయటినుంచి చూసేవాడు చూసేది ఆ గీతనే.

నా అనుమానాలు

ఒక మనిషి, రెండు ప్రయాణాలు, అడిగేవాడు బావమరిది, అడగబడేవాడికి ఏ జవాబు కావాలో ముందే తెలుసు. మా విద్యార్థి ఎవరైనా ఇలాంటిది ప్రాజెక్టుగా తెస్తే నవ్వకుండా వెనక్కి ఇవ్వడం నాకు కష్టమయ్యేది. ఇది రుజువు కాదు. అంతకన్నా లోతైన అభ్యంతరం కూడా ఉంది. మనిషి తన భారాన్ని తానే చెప్పుకుంటే ఎక్కువ చేసి చెప్పడా? సంఘం చెప్పమంటే అందరూ 90 పెట్టరా? పెడతారు. పై అధికారి ముందు నింపమంటే అందరూ 20 పెడతారు, అది కూడా నిజమే. సిమ్యులేటర్‌లో ఈ కొలబద్దను ఒంటరిగా వాడకపోవడం అందుకే. గుండె కొట్టుకునే తీరు, పక్కన పెట్టిన రెండో పనిలో తప్పులు, కాలం అంచనా, అసలు పనిలో తప్పులు, వీటన్నిటి పక్కన పెట్టి చూస్తారు. కొన్నిసార్లు ఇవి ఒకదానితో ఒకటి పొసగవు: పని తప్పు లేకుండా జరుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం అరిగిపోతుంటాడు. ఆ అరుగుదల బయటి కొలతల్లో చివరికి కనిపించేది పొరపాటు జరిగాకే. జరగకముందు చెప్పగలిగినవాడు ఆ సీట్లో కూర్చున్నవాడే. వాడి మాటలో కొంత పొల్లు ఉందని గింజలను కూడా పారబోయనక్కర్లేదు.

రెండో అభ్యంతరం నా వాదనను ఇంకా గట్టిగా కొడుతుంది. మూడో సీటు పోయాక విమానాలు ప్రమాదకరం కాలేదు. 1989లో సేవలోకి వచ్చిన 747-400ను ఇద్దరే నడిపారు, ఆకాశం కూలిపోలేదు. దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కొలిచి తీసేస్తే తీసేయవచ్చన్నదానికి ఇదే నాకు పెద్ద సాక్ష్యం. ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1980లలో అమెరికన్ సైన్యం తేలికపాటి హెలికాప్టరును ఒక్క పైలట్‌తో నడపవచ్చా అని చాలా శోధించింది. ఏమ్స్‌లోని పరిశోధకులకూ హెలికాప్టర్ల పనిభారం పెద్ద విషయమైంది. చివరికి తయారైన కమాంచీ అనే హెలికాప్టరులో రెండు సీట్లు ఉన్నాయి. దానికి ఈ కొలతలే ఏకైక కారణమని అనను. ప్రశ్నకు "ఒకరు చాలు" అనే జవాబు ముందే రాసిపెట్టి లేదన్నది మాత్రం కనిపిస్తోంది.

యంత్రానికి అప్పగించడంలో కూడా ప్రమాదం ఉందని లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే హెచ్చరించింది: తేలిక భాగాన్ని యంత్రం తీసుకుంటే, యంత్రం చేతులెత్తేసిన అత్యంత కష్టమైన క్షణం మనిషికి మిగులుతుంది, అదీ అలవాటు తప్పిన మనిషికి. 2009 జూన్ 1న ఆటోపైలట్ తప్పుకున్నాక పైలట్ల అదుపు తప్పి అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం గురించి చదివినవారికి ఇది కొత్త కాదు. పని మరీ తక్కువైనా ముప్పే. ఈ మాట బావే నాకు ఎదురు చెప్పాడు. రాత్రి సర్వీసుల్లో, పెద్ద రోడ్డు మీద, టికెట్లు కొట్టే పని ఉంటేనే తనకు కునుకు రాదట. నా సిద్ధాంతానికి ఆయనే ఇలా గండి కొడతాడని అనుకోలేదు. రాత్రి సర్వీసుకూ పగటి పల్లె సర్వీసుకూ ఒకే నియమం సరిపడదని ఆ మాటతో నేనే సర్దుకోవాల్సి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. కండక్టరు జీతం కూడా మోయాల్సి వస్తే, మనుషులు పలచగా ఎక్కే కొన్ని దారుల్లో బస్సే ఉండదు. వంగర వైపో సీతంపేట వైపో ఉన్న పల్లెవాడికి కండక్టరు లేని బస్సు, అసలు లేని బస్సు అన్న రెండింట్లో ఏది మేలని అడిగితే జవాబు తెలిసిందే. దీనికి నా దగ్గర దీటైన సమాధానం లేదు. కానీ ఆ బేరం ఆడాల్సింది 78నూ 44నూ బల్ల మీద పెట్టుకునే. పదమూడున్నర నిమిషాలు మాత్రమే పెట్టుకుని ఆడితే అవతలి తక్కెడలో ఏమీ లేనట్టే లెక్క. ముందే టికెట్టు కొని ఎక్కించడం, డబ్బు తేడాను డ్రైవరు జేబుకు కట్టకపోవడం, టికెట్టు లేకపోతే ప్రయాణికుడినే అడగడం లాంటివి చేస్తే ఆ లోపలద్దంలోకి చూసే చూపులు ఎన్ని తగ్గుతాయో కొలిచి చూడవచ్చు. వీటికి కండక్టరు జీతమంత ఖర్చు అవుతుందని నేను నమ్మను.

నిర్లక్ష్యం అనే మాట

రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు నేల మీదికి క్షేమంగా దిగాక పైలట్లు ఫ్లాపులు (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. విమానం పొట్ట మీద పడేది. కాగితాల్లో "పైలట్ పొరపాటు" అని రాసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త చూస్తే రెండు మీటలూ పక్కపక్కన, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం లాంటి పిడి, ఫ్లాపు మీటకు కోణంగా ఉన్న పిడి అమర్చాక ఆ పొరపాటు ఆగింది. పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 1947లో పైలట్లు చెప్పిన 460 పొరపాట్లను పోగుచేసి, వాటిలో చాలావాటి వెనక పరికరాల అమరికే ఉందని చూపారు. ఆ పనిలో నన్ను ఆకట్టుకున్నది ముగింపు కంటే ముందు, వాళ్లు పైలట్లను అడిగిన పద్ధతి. మీరు చేసిన, లేదా చూసిన పొరపాటును చెప్పండి అన్నారు. చెప్పినవాడికి మెమో ఇవ్వలేదు.

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర జరిగిన రైలు ప్రమాదాన్ని మా జిల్లాలో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. 14 మంది పోయారు. పనిచేయని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను నిబంధన ప్రకారం దాటలేదని ప్రాథమిక విచారణ రాయగడ ప్యాసింజరు లోకో పైలట్ వైపు వేలు చూపింది. మరికొన్ని నెలలకు, బండి నడిపేవాళ్లు క్రికెట్ చూస్తున్నారని రైల్వే మంత్రి అన్నారు. అది నిజమా కాదా అని నేను తేల్చలేను, చనిపోయినవాళ్లు వివరణ రాయలేరు. నేను గమనించింది మరొకటి. ఆ మాట బయటికి వచ్చిన రోజు నుంచి మా కాలేజీ స్టాఫ్ రూములో గానీ, కోట జంక్షన్ టీ కొట్టు దగ్గర గానీ, రెండు సిగ్నళ్లు వరసగా పనిచేయని రాత్రి ఇంజనులో కూర్చున్నవాడు ఎన్ని నియమాలు గుర్తుంచుకోవాలి, ఎంతసేపు ఆగాలి, ఎంత వేగంతో కదలాలి అని ఒక్కరూ మాట్లాడలేదు. అంతకుముందు కాస్త మాట్లాడేవారు, నేనూ మాట్లాడాను. కారణం దొరికిందన్న తృప్తి కలిగాక మాట ఆగిపోయింది, నాతో సహా.

బావ మెమోకు చివరికి నాలుగు వాక్యాల వివరణ రాసిచ్చాను. ట్రాక్టరుకు లైట్లు లేవని, చీకటి పడిందని, ప్రయాణికుల టికెట్లు సరిచూసుకునే బాధ్యత కూడా తనదేనని, ఇకపై జాగ్రత్తగా ఉంటానని. మూడో వాక్యం తీసేయమని ఆయన రెండుసార్లు అడిగాడు, సాకు చెప్పినట్టు ఉంటుందని ఆయన భయం. ఉంచేశాను. అద్దం ఖరీదు జీతంలో పట్టుకుని ఆ వ్యవహారం మూసేశారు.

ఆరు గీతల కాగితాన్ని తన తోటివాళ్ల చేత కూడా నింపిస్తానని పది జిరాక్సులు పట్టుకెళ్లాడు. ఆరు తిరిగి వచ్చాయి. అయిదింటిలో ఫలితం గీత మీద గుర్తు ఎడమ చివరన, అంటే బాగా చేశానన్న వైపు ఉంది, డ్రైవరు ఎవరైనా అలాగే పెడతాడు. ఆరో కాగితంలో అది కుడి చివరి గడిలో ఉంది. తిరకాసు గీతను మామూలు గీత అనుకుని పెట్టాడా, ఎర్ర బాణం చూసి, ఆలోచించి, చెడగొడుతున్నానని నిజంగానే పెట్టాడా అన్నది ఆ మనిషిని అడిగితే తప్ప తెలియదు. ధైర్యంగా నింపుతారన్న ఉద్దేశంతో, పేర్లు రాయవద్దని ఆ కాగితాల పైన నేనే రాశాను.